మ్యాన్‌నాజ్ వేయని సెల్స్ కూడా వెలుగుతున్నాయి, ఎవరైనా కాస్త చూడండి

నిద్రలేని_స్కాలర్ | సోమవారం, రాత్రి 11:48

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేదాన్నే. ఇవాళ రాయక తప్పలేదు.

నా పని ఈజీఎఫ్‌ఆర్ అనే రిసెప్టర్ ప్రోటీన్ మీద. దానికి అంటుకుని ఉండే సియాలిక్ ఆసిడ్ అనే చక్కెర ఎంత ఉందో, మేం వాడే మందుతో అది తగ్గుతుందో లేదో కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూపించాలి. హీలా సెల్స్‌లో (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ సెల్స్) ఈజీఎఫ్‌ఆర్-జీఎఫ్‌పీ ప్లాస్మిడ్ వేశాను, అంటే ఈజీఎఫ్‌ఆర్ జీన్‌కి వెలిగే ప్రోటీన్ జీన్ అతికించిన డీఎన్ఏ, కాబట్టి ప్రోటీన్ ఆకుపచ్చగా కనిపిస్తుంది. చక్కెర కోసం మ్యాన్‌నాజ్, 50 మైక్రోమోలార్, రెండు రోజులు.

ఈ సబ్జెక్టు కానివాళ్ల కోసం ఒక మాట. మ్యాన్‌నాజ్ అంటే అజైడ్ అనే చిన్న ముక్క తగిలించిన చక్కెర. సెల్ దాన్ని మామూలు చక్కెరే అనుకుని లోపలికి తీసుకుంటుంది, సియాలిక్ ఆసిడ్‌గా మార్చుకుంటుంది, ప్రోటీన్ల మీద ఉండే చక్కెర గొలుసుల చివర తగిలిస్తుంది. అజైడ్‌ను పట్టుకునే కొక్కెం డీబీసీఓ. దానికి ఎర్ర డై (నాది 647) కట్టి పోస్తే చక్కెర ఉన్నచోటల్లా వెలగాలి.

నేను చేసింది: పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి, 4 శాతం పీఎఫ్‌ఏలో 15 నిమిషాలు ఫిక్స్ చేసి (సెల్స్ ఉన్నవి ఉన్నట్టు బిగుసుకుపోయేలా), పొరకు చిల్లులు పెట్టే ట్రైటాన్ 0.1 శాతం 10 నిమిషాలు, తర్వాత డీబీసీఓ-డై 20 మైక్రోమోలార్ గంటసేపు, మూడుసార్లు కడిగి, న్యూక్లియస్‌ని నీలంగా చూపించే డాపీ వేసి మౌంట్ చేశాను.

మ్యాన్‌నాజ్ సెల్స్ ఎర్రగా వెలిగాయి. సంబరపడేలోపే కంట్రోల్ కవర్‌స్లిప్ పెట్టాను. మ్యాన్‌నాజ్ లేకుండా, దాన్ని కరిగించే డీఎంఎస్ఓ ఒక్కటే పోసిన సెల్స్ కూడా అలాగే వెలుగుతున్నాయి! అంచుల్లో కాదు, సెల్ లోపలంతా పొగ పట్టినట్టు. శుక్రవారం ల్యాబ్ మీటింగ్. కాన్ఫోకల్ స్లాట్ బుధవారం సాయంత్రం రెండు గంటలు మాత్రమే దొరికింది. ఇంకో బ్యాచ్ సెల్స్ మ్యాన్‌నాజ్‌లో పెట్టే ఉన్నాయి. ఏం మార్చాలి? డై పాడైందా?

క్లిక్_అన్న | మంగళవారం, ఉదయం 6:15

డై బాగానే ఉందమ్మా, అది పట్టుకోకూడనిదాన్ని పట్టుకుంది.

డీబీసీఓ అజైడ్‌తోనే కలుస్తుందని కంపెనీ వాళ్ల కాగితం చెప్తుంది. ప్రోటీన్లలోని సిస్టీన్ల మీద ఉండే థయోల్స్ అనే సల్ఫర్ గుంపులతో కూడా అది కొంత కలుస్తుందని ఆ కాగితం గట్టిగా చెప్పదు. నువ్వు ట్రైటాన్ పోసి తలుపులన్నీ తెరిచావు. సెల్ లోపల ఉన్న థయోల్స్ అన్నీ దానికి ఎదురొచ్చాయి. అందుకే అంచుల్లో కాకుండా లోపలంతా పొగలా ఉంది.

నీకు కావలసిన సియాలిక్ ఆసిడ్ చాలావరకు సెల్ పైనే ఉంటుంది, లోపలికి వెళ్లే పనే లేదు. కాబట్టి ఫిక్స్ చేయకముందే, సెల్స్ బతికి ఉండగానే, ఐస్ మీద పెట్టి డీబీసీఓ పోయి. ఐస్ ఎందుకంటే, 37 డిగ్రీల్లో అయితే పైన అంటుకున్న డైని సెల్ మింగేస్తుంది, మళ్లీ లోపల చుక్కలు కనిపిస్తాయి. గంట తర్వాత బాగా కడిగి అప్పుడు పీఎఫ్‌ఏ వెయ్. ట్రైటాన్ అసలు వద్దు. ఎప్పుడైనా లోపలే చూడాల్సి వస్తే ముందు అయోడోఅసిటమైడ్‌తో థయోల్స్ మూసేసి అప్పుడు డీబీసీఓ పొయ్యాలి, లేదా డీబీసీఓ వదిలేసి కాపర్ సాయంతో అజైడ్‌ని పట్టుకునే కాపర్ క్లిక్‌కి వెళ్లాలి. కాపర్ బతికున్న సెల్స్‌కి విషం, ఫిక్స్ చేసినవాటికి ఇబ్బంది లేదు.

ఇంకొకటి. "అలాగే వెలుగుతున్నాయి" అన్నావు. ఎంత? ఫీజీలో (ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో) ఆటో కాంట్రాస్ట్ నొక్కావా?

నిద్రలేని_స్కాలర్ | మంగళవారం, ఉదయం 8:02

నొక్కాను అన్నా 🙈 రెండిటికీ.

ఇప్పుడు అసలు నంబర్లు చూశాను. 12 బిట్ ఇమేజ్, అంటే 4095 వరకు. కంట్రోల్ సగటు 900, మ్యాన్‌నాజ్ 1150.

క్లిక్_అన్న | మంగళవారం, ఉదయం 8:20

అంటే 250 తేడా ఉంది. కింద 900 చెత్త పోగుపడింది. ఆ చెత్త పోతే నీ సిగ్నల్ కనిపిస్తుంది. లేజర్ పవర్, గెయిన్ రెండిటికీ ఒకటే పెట్టు. ఆటో బటన్ మాత్రం ముట్టుకోకు, అది చీకటి గదిలో కూడా పెళ్లి లైట్లు చూపిస్తుంది.

ట్యూషన్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో అడ్డుపడుతున్నందుకు క్షమించాలి. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ప్రోటీన్ మీద చక్కెర అంటే నాకు తెలిసింది ఒకటే, షుగర్ పరీక్షలో వచ్చే హెచ్‌బీఏ1సీ. నాది 7.8. మీరు చూస్తున్నదీ అదేనా? అయితే దానికి ఇంత ఆర్భాటం ఎందుకు?

పాథాలజీ_డాక్టరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మాస్టారూ, పేరు దగ్గరగా ఉన్నా రెండూ వేరు. హెచ్‌బీఏ1సీలో రక్తంలో తిరిగే గ్లూకోజ్, ఎంజైమ్ సాయం లేకుండా, హీమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉన్న వాలీన్‌కు తనంతట తానే అంటుకుంటుంది. దాన్ని గ్లైకేషన్ అంటాం. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మూడు నెలల లెక్క దొరుకుతుంది. వంటగదిలో డబ్బాల మీద జిడ్డు పట్టినట్టు అనుకోండి, ఎవరూ పూయలేదు, దానంతట అదే పట్టింది.

వీళ్లు మాట్లాడేది గ్లైకోసైలేషన్. అది ముగ్గు లాంటిది. సెల్ కావాలని, ఎంజైములు పెట్టుకుని, ఏ చక్కెర తర్వాత ఏ చక్కెరో చూసుకుని వేస్తుంది. పిల్లలకు చెప్పడానికి మంచి ఉదాహరణ బ్లడ్ గ్రూపు. ఎర్రకణం మీది చక్కెర గొలుసు చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమీన్ ఉంటే ఎ, గెలాక్టోజ్ ఉంటే బి, రెండూ ఉంటే ఎబి, రెండూ లేకపోతే ఓ. ఆ గొలుసుకి పునాదిగా ఉండే హెచ్ కూడా లేనివాళ్లు అరుదుగా ఉంటారు. 1952లో బొంబాయిలో గుర్తించారు కాబట్టి దానికి బాంబే గ్రూపు అనే పేరు. వాళ్లకు మామూలు ఓ రక్తం కూడా పనికిరాదు. ఒక్క చక్కెర తేడాకి ప్రాణం మీదికి వస్తుంది.

7.8 మాత్రం కాస్త తగ్గించుకోండి, అది ఈ థ్రెడ్‌లో తేలే విషయం కాదు.

ట్యూషన్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:40

ముగ్గు పోలిక బాగుంది, రేపే క్లాసులో చెప్తాను. ఇంకొక్క సందేహం. ఈ అమ్మాయి ప్రోటీన్‌కి జీఎఫ్‌పీ తగిలించి పచ్చగా చేసుకుంది కదా. చక్కెరకి కూడా అలాగే తగిలించవచ్చుగా? ఈ దొంగ చక్కెర తినిపించడం ఎందుకు?

క్లిక్_అన్న | మంగళవారం, సాయంత్రం 5:10

అసలు ప్రశ్న ఇదే మాస్టారూ. ప్రోటీన్‌కి జీన్ ఉంది. ఆ జీన్ చివర జీఎఫ్‌పీ జీన్ అతికిస్తే రెండూ కలిసే తయారవుతాయి. చక్కెర గొలుసుకి జీన్ లేదు. ఏ ఎంజైములు ఉన్నాయి, ముడిసరుకు ఎంత ఉంది, ప్రోటీన్ గోల్జీలో ఎంతసేపు ఆగింది, వీటన్నిటినీ బట్టి అది తయారవుతుంది. ఒకే ప్రోటీన్ రెండు కాపీల మీద రెండు రకాల గొలుసులు ఉండొచ్చు. అతికించడానికి చోటే లేదు.

1990ల మొదట్లో జర్మనీలో వెర్నర్ రాయిటర్ బృందం ఒక సంగతి గమనించింది. మాన్నోసమీన్ అనే చక్కెరని కొంచెం మార్చి ఇచ్చినా సెల్ యంత్రాంగం పట్టించుకోకుండా సియాలిక్ ఆసిడ్‌గా మార్చేస్తోందని. కారొలిన్ బెర్టోజీ ఆ సందులోంచి అజైడ్‌ని పంపింది. 2000లో ఫాస్ఫీన్‌తో పట్టుకునే రియాక్షన్, 2004లో కాపర్ అక్కర్లేని సైక్లోఆక్టైన్ కొక్కెం, 2008లో బతికున్న జీబ్రాఫిష్ పిల్లల్లో చక్కెరలను రంగుల్లో చూపించడం. 2022లో మెల్డాల్, షార్ప్‌లెస్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. నిద్రలేని చెల్లెలు పోస్తున్న డీబీసీఓ ఆ సైక్లోఆక్టైన్ వంశంలోదే.

పొట్లగింజ | మంగళవారం, రాత్రి 9:25

నోబెల్ వచ్చిన పద్ధతి కాబట్టి అందరూ దాని వెంటే పడతారు. రిటైరైన ముసలాణ్ణి, నా మాట కూడా కాస్త వినండి.

చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లు మన పెరట్లోనే ఉన్నాయి. లెక్టిన్లు. మొట్టమొదట 1888లో స్టిల్‌మార్క్ అనే ఆయన కనిపెట్టింది ఆముదం గింజల్లో. ఆ సారం ఎర్రకణాలను ఉండలు కట్టిస్తోందని చూశాడు. వేరుశెనగ లెక్టిన్ ఉంది, పనస గింజల జాకలిన్ ఉంది, గోధుమ మొలకది ఉంది. వేరుశెనగ, జాకలిన్ రెండింటి నిర్మాణాలూ తేల్చింది బెంగళూరు ఐఐఎస్సీలో విజయన్, సురోలియా గార్ల బృందాలే, 1990లలో. జాకలిన్ పేపర్ మొదటి రచయిత శంకరనారాయణన్ గారు తర్వాత మన సీసీఎంబీకే వచ్చారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ముస్తి స్వామి గారు పొట్లకాయ గింజల లెక్టిన్ మీద ఏళ్ల తరబడి పని చేశారు. నా పేరు అక్కడి నుంచే.

చెప్పొచ్చేదేమంటే, అమ్మాయీ, ఎస్‌ఎన్‌ఏ అనే లెక్టిన్ 2,6 బంధంతో తగిలిన సియాలిక్ ఆసిడ్‌ని పట్టుకుంటుంది. డై కట్టినదే కొనుక్కోవచ్చు. సెల్స్‌కి రెండు రోజులు ఏమీ తినిపించక్కర్లేదు. పేషెంట్ దగ్గరి నుంచి వచ్చిన కణజాలం మీద కూడా పని చేస్తుంది. చచ్చిన కణజాలానికి మీ మ్యాన్‌నాజ్ ఎలా తినిపిస్తారు?

క్లిక్_అన్న | మంగళవారం, రాత్రి 10:01

బాబాయ్ గారూ, కణజాలం విషయంలో మీతో వాదన లేదు. కానీ లెక్టిన్‌కి ఒక చక్కెర మీదే గట్టి పట్టు ఉండదు కదా. గోధుమ మొలక లెక్టిన్ డబ్ల్యూజీఏ సంగతి చూడండి, అటు గ్లక్‌నాక్ అనే చక్కెరని పట్టుకుంటుంది, ఇటు సియాలిక్ ఆసిడ్‌నీ పట్టుకుంటుంది. వెలిగితే దేనికి వెలిగిందని చెప్పాలి? పైగా ఒక్కో లెక్టిన్‌కి రెండు మూడు చేతులు. బతికున్న సెల్ మీద పోస్తే పక్కపక్క ప్రోటీన్లను కలిపి కట్టేస్తుంది. మనం చూడటానికి వెళ్లి అక్కడి అమరికనే మార్చేస్తాం.

పొట్లగింజ | మంగళవారం, రాత్రి 10:30

చేతులు ఉన్నాయి కాబట్టే పట్టు ఉంటుంది నాయనా. ఒక్కొక్క సైటు బలహీనం, నాలుగు కలిస్తే ఉడుం పట్టు.

కంట్రోల్ లేకుండా లెక్టిన్ వాడేవాళ్లను నేనూ సమర్థించను. కాన్‌ఏ అనే లెక్టిన్ వేస్తే పక్క కవర్‌స్లిప్‌లో కాన్‌ఏతో పాటు మీథైల్ మానోసైడ్ 200 మిల్లీమోలార్ కలిపి వెయ్యాలి. ఆ చక్కెర లెక్టిన్ నోరు నింపేస్తే సెల్ మీద వెలుగు పడిపోవాలి. పడకపోతే అది చక్కెర వెలుగు కాదు, ఊరికే అతుక్కున్నది. కాన్‌ఏకి కాల్షియం, మాంగనీస్ కావాలి, ఆ లోహాలను లాగేసుకునే ఈడీటీఏ ఉన్న బఫర్‌లో పోసి "పని చెయ్యలేదు సార్" అని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. బ్లాకింగ్‌కి పాలపొడి వాడేవాళ్లు ఇంకో రకం. పాల నిండా గ్లైకోప్రోటీన్లే, అంటే చక్కెర తగిలిన ప్రోటీన్లే! లెక్టిన్ అంతా పాలకే అంటుకుంటుంది.

పాథాలజీ_డాక్టరమ్మ | బుధవారం, ఉదయం 7:10

మా దగ్గర ఇదే పని పాతకాలం నుంచి పీఏఎస్ స్టెయిన్‌తో నడుస్తోంది. పీరియాడిక్ ఆసిడ్ చక్కెరను కోసి ఆల్డిహైడ్ చేస్తుంది, షిఫ్ రియేజెంట్ దాన్ని ముదురు గులాబీ రంగుకి తెస్తుంది. లివర్ ముక్కలో గులాబీ కనిపిస్తే అది గ్లైకోజెనా, ఇంకేదైనానా అని తేల్చడానికి పక్క స్లైడ్‌ని డయాస్టేజ్‌తో నాననిస్తాం. గ్లైకోజెన్ అయితే కరిగిపోయి రంగు పోతుంది. ఎంజైమ్‌తో తీసేసి చూడటం అన్నమాట. మీ ఫ్లోరోసెన్స్‌కీ అలాంటిది ఉంటుంది కదా?

క్లిక్_అన్న | బుధవారం, ఉదయం 7:45

ఉంది మేడమ్, సియాలిడేజ్. స్కాలర్ చెల్లెమ్మా, డాక్టరమ్మ గారి మాట రాసి పెట్టుకో. మూడో కవర్‌స్లిప్ పెట్టు: మ్యాన్‌నాజ్ తిన్న సెల్స్‌కి డీబీసీఓ పోసే ముందు సియాలిడేజ్ వేసి సియాలిక్ ఆసిడ్ కత్తిరించు. మార్చిన సియాలిక్ ఆసిడ్ కాబట్టి మొత్తం పోకపోవచ్చు, బాగా తగ్గితే చాలు. మీ పీఏఎస్‌కి ఫ్లోరోసెన్స్ మనవడు కూడా ఉన్నాడు. చాలా తక్కువ పీరియోడేట్, ఒక మిల్లీమోలార్, చల్లగా పెట్టి వేస్తే ప్రధానంగా సియాలిక్ ఆసిడ్ తోకే కోసుకుపోతుంది. ఆ ఆల్డిహైడ్‌కి డై తగిలిస్తారు. తినిపించే పని లేదు.

నిద్రలేని_స్కాలర్ | బుధవారం, రాత్రి 9:52

స్లాట్ అయిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

అన్న చెప్పినట్టే చేశాను. బతికున్న సెల్స్, ఐస్, ట్రైటాన్ లేదు, ఆటో లేదు. సియాలిడేజ్ దొరకలేదు, పక్క ల్యాబ్ నుంచి సోమవారం ఇస్తామన్నారు. కంట్రోల్ బ్రహ్మాండంగా చీకటి, సగటు 130. మ్యాన్‌నాజ్ సెల్స్ కూడా బ్రహ్మాండంగా చీకటి, 145. జీఎఫ్‌పీ మాత్రం చక్కగా వెలుగుతోంది, అంటే ఫోకస్ తప్పలేదు. మొదటిసారి ఉన్న 250 తేడా కూడా పోయింది. ముందు అన్నీ వెలిగాయి, ఇప్పుడు ఏదీ వెలగలేదు. ఎల్లుండి ఏం చూపించాలి?

తిరుపతి_తమ్ముడు | బుధవారం, రాత్రి 10:05

అక్కా, మ్యాన్‌నాజ్ పాతదేమో? డీఎంఎస్ఓలో కరిగించి మాటిమాటికీ ఫ్రీజర్‌లోంచి తీసి పెడుతున్నారా?

నిద్రలేని_స్కాలర్ | బుధవారం, రాత్రి 10:11

లేదు, పోయిన నెలదే, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టాను. సోమవారం వాడిన బ్యాచ్చే.

క్లిక్_అన్న | బుధవారం, రాత్రి 10:30

సోమవారానికీ ఇవాళ్టికీ ఏం మారింది? ట్రైటాన్, ఐస్ సంగతి తెలిసిందే. ఇంకా? డై దేనిలో కలిపావు? దేనితో కడిగావు? ఏదీ వదలకుండా చెప్పు.

నిద్రలేని_స్కాలర్ | బుధవారం, రాత్రి 10:38

సోమవారం ఉత్త పీబీఎస్. ఇవాళ బతికున్న సెల్స్ కదా, పీబీఎస్‌లో ఒక శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రోటీన్) ఉంటే మంచిదని సీనియర్ అంటే కామన్ ఫ్రిజ్‌లో ఉన్న బాటిల్ తీసుకున్నాను. డై దానిలోనే కలిపాను. ఫ్లో సైటోమెట్రీకి అందరూ వాడేదే, ఎప్పుడూ సమస్య రాలేదు.

పొట్లగింజ | బుధవారం, రాత్రి 10:44

ఫ్రిజ్‌లో బీఎస్ఏ బఫర్ నెలల తరబడి బూజు పట్టకుండా ఎలా ఉందంటావు అమ్మాయీ? బాటిల్ మీద ఏం రాసి ఉందో చదువు.

నిద్రలేని_స్కాలర్ | గురువారం, ఉదయం 9:03

చదివాను.

"పీబీఎస్ + 1% బీఎస్ఏ + 0.02% సోడియం అజైడ్."

😭

క్లిక్_అన్న | గురువారం, ఉదయం 9:15

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట.

లెక్క వేద్దాం. 0.02 శాతం అంటే లీటరుకి 0.2 గ్రాములు. సోడియం అజైడ్ మాలిక్యులర్ వెయిట్ 65. అంటే దాదాపు 3 మిల్లీమోలార్. నీ డీబీసీఓ 20 మైక్రోమోలార్. ఒక్కో డీబీసీఓ చుట్టూ 150 అజైడ్‌లు ఈదుతున్నాయి. కొక్కేలన్నీ సెల్ దాకా వెళ్లకముందే బాటిల్‌లో ఉన్న అజైడ్‌కి తగులుకున్నాయి. సెల్ మీదున్న అజైడ్‌కి మిగిలింది ఏమీ లేదు. ఫ్లోకి యాంటీబాడీలు వాడతారు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

దీనికి అన్నదమ్ముడు ఇంకోటి ఉంది. డీటీటీ, టీసెప్ లాంటి రెడ్యూసింగ్ ఏజెంట్లు అజైడ్‌తో ఉన్న శాంపిల్‌లో క్లిక్‌కి ముందు వెయ్యొద్దు, అజైడ్‌ని అమీన్‌గా మార్చేస్తాయి. టీసెప్ మరీ.

తిరుపతి_తమ్ముడు | గురువారం, ఉదయం 9:20

నేను కూడా వెళ్లి మా ఫ్రిజ్‌లో బాటిళ్లు చదువుతున్నాను. ఇప్పటికి రెండిట్లో ఉంది. ఒకదాని మీద అసలు లేబులే లేదు.

నిద్రలేని_స్కాలర్ | శుక్రవారం, సాయంత్రం 6:40

ల్యాబ్ మీటింగ్ అయింది. అజైడ్ బాటిల్ కథ చెప్తే గైడ్ నవ్వారు, తిట్టలేదు. తను కూడా ఒకప్పుడు అదే చేశారట.

ఆయన అన్నది వేరే. "వచ్చేవారం ఎరుపు సరిగ్గా రానీ, జీఎఫ్‌పీ ఆకుపచ్చ మీద వేసి మెర్జ్ చెయ్. పసుపు వస్తే ఈజీఎఫ్‌ఆర్ మీద సియాలిక్ ఆసిడ్ ఉన్నట్టే" అన్నారు. నాకు ఎక్కడో తేడా కొడుతోంది, కానీ ఏంటో చెప్పలేకపోతున్నాను.

నానోసెకండ్ | శుక్రవారం, రాత్రి 8:15

బెంగళూరులో ఇమేజింగ్ ఫెసిలిటీ చూసుకుంటాను. వారానికి ఇద్దరైనా ఈ పసుపుతో వస్తారు.

నీకు కొట్టిన తేడా సరైనదే. మామూలు కాన్ఫోకల్ దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీయలేదు. ఒక ప్రోటీన్ సైజు 5 నుంచి 10 నానోమీటర్లు. సెల్ పొర మీద ఒక్క పిక్సెల్ జాగాలో రకరకాల గ్లైకోప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. ఉగాది రోజు బస్టాండ్‌ని విమానంలోంచి ఫొటో తీసి, ఎర్ర చొక్కా ఉన్నతను ఆ పచ్చ సంచీ యజమాని అని చెప్పినట్టు ఉంటుంది. పొర అంతా సియాలిక్ ఆసిడే, పొర అంతా ఈజీఎఫ్‌ఆరే, పసుపు రాకపోతేనే ఆశ్చర్యం. ఈజీఎఫ్‌ఆర్ మీద ఒక్క చక్కెర లేకపోయినా పసుపే వస్తుంది.

ఒకే ప్రోటీన్ మీద అని చూపించాలంటే ఫ్రెట్. ప్రోటీన్ మీది జీఎఫ్‌పీ, చక్కెర మీది డై పది నానోమీటర్లలోపు ఉంటేనే జీఎఫ్‌పీ తన శక్తిని డైకి ఇచ్చేస్తుంది. దూరం పెరిగేకొద్దీ అది ఆరో ఘాతంలో పడిపోతుంది, రెట్టింపు దూరమైతే అరవై నాలుగో వంతు. ఇచ్చేస్తే జీఎఫ్‌పీ లైఫ్‌టైమ్ (లేజర్ తగిలాక వెలుగు నిలిచే సమయం), మామూలుగా రెండున్నర నానోసెకన్ల దరిదాపుల్లో ఉండేది, తగ్గుతుంది. దాన్ని ఫ్లిమ్ అనే మైక్రోస్కోపీతో కొలుస్తాం. 2012లో జపాన్ బృందం గ్లట్4 అనే ప్రోటీన్ మీద ఇదే చేసి చూపించింది: జీఎఫ్‌పీ లోపలి వైపు, సియాలిక్ ఆసిడ్ మీద డై బయటి వైపు, మధ్యలో పొర. 2016లో జర్మనీ కాన్‌స్టాన్జ్ వాళ్లు సెల్ లోపలి ప్రోటీన్ల మీద గ్లక్‌నాక్‌కి కూడా బతికున్న సెల్స్‌లోనే చేశారు.

నిద్రలేని_స్కాలర్ | శుక్రవారం, రాత్రి 8:31

అయితే నాకూ సరిపోతుందిగా! నా జీఎఫ్‌పీ కూడా లోపలి తోకకే ఉంది.

నానోసెకండ్ | శుక్రవారం, రాత్రి 8:50

ఆగు, అక్కడే బోల్తా పడతారు. గ్లట్4 పొర బయటికి పెద్దగా తలెత్తని ప్రోటీన్, దాని చక్కెర మొదటి బయటి లూప్ మీద, పొరకు దగ్గరగా ఉంటుంది. ఈజీఎఫ్‌ఆర్ అలా కాదు. బయటికి పెద్ద తల ఉంది, చక్కెరలు పది చోట్లకు పైగా ఆ తల మీద పరుచుకుని ఉన్నాయి. లోపల తోక చివర నీ జీఎఫ్‌పీ. మధ్యలో కైనేజ్ డొమెయిన్, తోక, నాలుగు నానోమీటర్ల పొర, ఆపైన తల. కొలిస్తే పది నానోమీటర్లు ఎప్పుడో దాటిపోతుంది. చక్కెర నిజంగా ఉన్నా ఫ్రెట్ రాదు. నువ్వు లేదనుకుంటావు.

ఈజీఎఫ్‌ఆర్‌కి ట్యాగ్ బయటి వైపు, తల మొదట్లో పెట్టాలి. పెకింగ్ యూనివర్సిటీ చెన్ షింగ్ ల్యాబ్ 2014లో రెండు డైలూ పొరకు ఒకే వైపు ఉండేలా చేసి చూపించింది. డై కూడా మార్చాలి. ఇప్పుడు నువ్వు వాడుతున్న 647 జీఎఫ్‌పీకి జత కాదు, జీఎఫ్‌పీ వెలుగు దాకా దాని శోషణ రాదు. టీఎంఆర్ లాంటిదో, సై3 లాంటిదో తీసుకో.

గ్లక్‌నాక్_గోల | శుక్రవారం, రాత్రి 9:30

లోపలి చక్కెరల మాట వచ్చింది కాబట్టి నా గోల కూడా వినండి. నాది ఓ-గ్లక్‌నాక్. 1984లో టోరెస్, హార్ట్ కనిపెట్టిన ఒంటి చక్కెర, గొలుసు కట్టదు, న్యూక్లియస్‌లో, సైటోప్లాజమ్‌లో ఉంటుంది. పెట్టే ఎంజైమ్ ఒకటి, తీసే ఎంజైమ్ ఒకటి.

ఎసిటైల్ గుంపులు తగిలించిన అజైడ్ చక్కెరలు వాడి లోపల ఏది వెలిగినా ఓ-గ్లక్‌నాక్ అని నేను ఏడాది పాటు సంబరపడ్డాను. 2018లో అదే చెన్ షింగ్ ల్యాబ్ ఒక పేపర్‌లో ఆ ఎసిటైల్ చక్కెరలు ఏ ఎంజైమ్ లేకుండానే సిస్టీన్లకు అంటుకుంటున్నాయని చూపించింది. నా సగం డేటా నీళ్లపాలు. మాస్టారి హెచ్‌బీఏ1సీ లాంటిదే, దానంతట అది పట్టిన జిడ్డు! ఎసిటైల్ లేని చక్కెర వాడితే ఈ బాధ తగ్గుతుంది కానీ డోసు చాలా ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు తినిపించడం మానేశాను. ఫిక్స్ చేసిన సెల్స్ మీద మార్చిన గాల్-టీ ఎంజైమ్‌తో, ఉన్న గ్లక్‌నాక్ మీదే అజైడ్ చక్కెర పెడుతున్నాను. పక్కన థయామెట్-జీ వేసిన సెల్స్, అంటే తీసే ఎంజైమ్‌ని ఆపినవి. వెలుగు పెరగాలి. యాంటీబాడీల్లో ఆర్ఎల్2 పరవాలేదు, సీటీడీ110.6 మాత్రం గ్లూకోజ్ తక్కువైన సెల్స్‌లో ఎన్-గ్లైకాన్‌లను, అంటే వేరే రకం చక్కెర గొలుసులను కూడా పట్టుకుంటుంది. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోని మీడియా, అంటే సెల్స్ పెంచే ద్రవం. హై గ్లూకోజ్ డీఎంఈఎం అనే మీడియాలో గ్లూకోజ్ 25 మిల్లీమోలార్. మాస్టారి ఒంట్లో అంత ఉంటే ఐసీయూలో ఉంటారు.

ట్యూషన్_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:41

అది మన లెక్కలో ఎంత బాబూ?

పాథాలజీ_డాక్టరమ్మ | శుక్రవారం, రాత్రి 9:44

450 మాస్టారూ.

క్లిక్_అన్న | శుక్రవారం, రాత్రి 10:20

స్కాలర్ చెల్లెమ్మా, ఫ్లిమ్ మీ దగ్గర లేకపోతే కంగారు పడకు. ట్యాగ్ మార్చి కొత్త ప్లాస్మిడ్ కట్టేసరికి రెండు నెలలు. ఈలోపు సాదా దారి ఉంది: బతికున్న సెల్స్‌కి డై బదులు డీబీసీఓ-బయోటిన్ పోసి, కడిగి, సెల్స్ పగలగొట్టి, జీఎఫ్‌పీ పట్టుకునే బీడ్స్‌తో నీ ఈజీఎఫ్‌ఆర్‌ని ఒక్కదాన్నే లాగు. బీడ్స్‌ని గట్టి ఉప్పు బఫర్‌తో కడుగు, లేకపోతే ఈజీఎఫ్‌ఆర్‌ని పట్టుకుని వేలాడే పక్క ప్రోటీన్లు కూడా వస్తాయి. తర్వాత ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసే బ్లాట్ చేసి, దాని మీద బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ వెయ్. ఈజీఎఫ్‌ఆర్-జీఎఫ్‌పీ సైజు దగ్గరే బ్యాండ్ వస్తే అది దాని మీది చక్కెరే. ఫొటోలో ఎక్కడ ఉందో చూపించు, బ్లాట్‌లో ఎవరి మీద ఉందో చూపించు. గైడ్‌కి ఇలా చెప్తే వింటారు.

పొట్లగింజ | శుక్రవారం, రాత్రి 10:52

ఆ బ్లాట్ పక్కనే ఎస్‌ఎన్‌ఏ బ్లాట్ కూడా పెట్టు. ఒకటి తినిపించిన చక్కెర చెప్తుంది, ఒకటి మొదటి నుంచీ ఉన్నది చెప్తుంది. మందు వేశాక రెండూ ఒకే వైపు కదిలితే ఎవరూ కాదనలేరు. ఒకటి కదిలి ఒకటి కదలకపోతే, మందు సియాలిక్ ఆసిడ్‌ని కాకుండా సెల్ మ్యాన్‌నాజ్ తినడాన్నే తగ్గించి ఉండొచ్చు.

క్లిక్_అన్న | శుక్రవారం, రాత్రి 11:00

ఇది నాకు తట్టలేదు బాబాయ్. ఒప్పుకుంటున్నాను.

నిద్రలేని_స్కాలర్ | మంగళవారం, రాత్రి 10:17

వచ్చింది!

కొత్త పీబీఎస్, కొత్త బీఎస్ఏ, నేనే కలిపాను, నేనే ఫిల్టర్ చేశాను, బాటిల్ నా డ్రాయర్‌లో పెట్టుకున్నాను. మూడు కవర్‌స్లిప్‌లు, ఒకే లేజర్, ఒకే గెయిన్. డీఎంఎస్ఓ సగటు 140. మ్యాన్‌నాజ్ 1900. మ్యాన్‌నాజ్ తర్వాత సియాలిడేజ్ వేసినది 600.

ఎలా ఉందో చెప్తాను. సెల్ చుట్టూ సన్నటి ఎర్ర గీత, దోశ అంచులా. రెండు సెల్స్ ఆనుకున్న చోట గీత రెట్టింపు మందం. జూమ్ చేస్తే అంచుల నుంచి వెంట్రుకల్లాంటి పోగులు బయటికి సాగి ఉన్నాయి, వాటి మీద కూడా రంగు ఉంది. లోపల మొత్తం నలుపు. ఒక మూల మాత్రం ఒక గుండ్రటి సెల్ లోపలంతా నిప్పుకణికలా మండుతోంది. ముందు అదే బాగుందని ఫొటో తీయబోయాను.

నానోసెకండ్ | మంగళవారం, రాత్రి 10:25

అది చచ్చిన సెల్. పొర చిల్లులు పడితే డై లోపలికి పోయి సోమవారం నాటి పొగే అవుతుంది. లెక్కలోంచి తీసెయ్. వచ్చేసారి ఫిక్స్ చేయకముందే డాపీ కొంచెం వేస్తే చచ్చినవాటి న్యూక్లియస్సే ముందు నీలంగా కనిపిస్తుంది, ఏరేయడం తేలిక. సగటు తీసేటప్పుడు అది కలిసిందా?

నిద్రలేని_స్కాలర్ | మంగళవారం, రాత్రి 10:33

కలిసింది... తీసేసి మళ్లీ లెక్కపెట్టాను. 1900 కాస్తా 1640 అయింది. సియాలిడేజ్ దానిలో కూడా రెండు ఉన్నాయి, అది 480కి వచ్చింది.

క్లిక్_అన్న | మంగళవారం, రాత్రి 10:40

1640, 480, 140. ఈ మూడూ పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లు. బీడ్స్ ఆర్డర్ పెట్టావా?

నిద్రలేని_స్కాలర్ | మంగళవారం, రాత్రి 10:44

పెట్టాను అన్నా, మూడు వారాలట. ఈలోపు పొట్లగింజ బాబాయ్ చెప్పిన ఎస్‌ఎన్‌ఏ పక్క ల్యాబ్‌లో ఉందన్నారు. రేపు వెళ్లి తెచ్చుకుంటా. ముందు దాని ట్యూబ్ మీద ఏం రాసి ఉందో చదువుతా.